గద్ద అందగాడి తోక

రైతు చింతలయ్య దొడ్డిలో కోళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. "గద్ద!" అని ఎవరు అరిచినా ముందు ఏ చాటుకో దూరాలి, తర్వాత అడగాలి. అందుకే ఆ మాటను ఎవరూ ఊరికే నోట పలికేవారు కాదు.

ఒకనాడు ఎర్రపుంజు గంపలో పట్నం సంతకు వెళ్ళి, బేరం కుదరక సాయంత్రానికి తిరిగొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఒక్క పూటకే యాస మార్చేశాడు.

"అబ్బ, గద్ద ఎండ!" అన్నాడు రెక్క విసురుకుంటూ.

కోళ్ళన్నీ బండి కిందకు పరుగెత్తాయి. పుంజు విరగబడి నవ్వాడు.

"పల్లెటూరి మొహాల్లారా! గద్దా లేదు, గిద్దా లేదు. 'చాలా' అనేది ముసలి మాట. పట్నంలో ఇప్పుడంతా ఇలాగే అంటారు. గద్ద ఎండ, గద్ద ఆకలి. నేను గద్ద అందగాణ్ణి!"

"ఎవరన్నార్రా? నిన్ను కొననివాళ్ళా?" అంది పిల్లలకోడి నల్లపెట్ట.

వారం తిరక్కుండా దొడ్డంతా అదే మాట. బాతుకు గద్ద బురద, మేకకు గద్ద చిగుళ్ళు. చివరికి నిదానస్తుడైన ఎద్దు కూడా "గద్ద బరువు లాగానమ్మా" అన్నాడు.

"నువ్వూనా అన్నా?" అంది నల్లపెట్ట.

"ఏం చేయను చెల్లీ, అనకపోతే ముసలోణ్ణంటున్నారు."

గద్ద అంటే ఒకప్పుడు ఉలిక్కిపడే తన పిల్లలు ఇప్పుడు నూకల్లోంచి తలెత్తడం లేదు. నల్లపెట్ట వాళ్ళను దగ్గరకు పిలిచింది.

"ఇకమీదట ఎవరి మాటా వినకండి. నా రెక్కలు విచ్చుకుంటే చాలు, వచ్చి దూరండి" అని రోజూ నేర్పింది.

"పిన్నిది గద్ద చాదస్తం!" అన్నాడు పుంజు.

ఒక మధ్యాహ్నం పుంజు పెంటకుప్పెక్కి తోక ఆరబెట్టుకుంటున్నాడు. నేలమీద నీడ తిరిగింది. నల్లపెట్ట రెక్కలు విచ్చింది. పిల్లలు దూరిపోయారు.

పుంజు ఆలస్యంగా చూశాడు. "గద్ద! గద్ద!"

"ఏది అంత బాగుందో తర్వాత చెబుదువులే" అంది బాతు తలెత్తకుండానే.

"నిజం గద్ద! గద్ద గద్ద!"

"ఇది పట్నంలో ఇంకా కొత్తగా వచ్చిందేమో" అంది మేక.

వీపున గోళ్ళు దిగాయి. పుంజు గింజుకుని, కంపలో పడి బతికాడు. తోక మాత్రం ఆకాశానికెళ్ళింది.

నల్లపెట్ట దగ్గరికొచ్చి, "నొప్పి ఎలా ఉందిరా, అందగాడా?" అంది.

పుంజు "గద్ద" అనబోయి నాలుక కరుచుకున్నాడు.

"చాలా... చాలా ఉంది పిన్నీ."

ఆపదకని దాచుకున్న మాటను ముచ్చటకు వాడేస్తే, ఆపదనాడు అది ముచ్చటగానే వినబడుతుంది.