నిండుకున్న కోన

పూర్వం తూర్పు కనుమల పాదాన మేలుకొండ సీమను వైరిసింహ దేవు అనే ప్రభువు పరిపాలించే కాలంలో, ఆ కొండల నడుమ ఒక కోనలో గవరమ్మ అనే పుణ్యవతి నివసించేది. ఆ కోనలోని అడవి అంతా ఆమె సొంతం. ఆమె తాత ఒకానొక వరద వేళ ప్రభువుగారి తాతను తెప్ప మీద గట్టుకు చేర్చినందుకు కృతజ్ఞతగా, ఆచంద్రతారార్కం వంశపారంపర్యంగా అనుభవించమని రాగిరేకు మీద వ్రాయించి ధారపోసిన అడవి అది. అనుభవించమంటే నరికి సొమ్ము చేసుకొమ్మని అర్థం చేసుకునేవారు లోకంలో కొల్లలు. గవరమ్మ ఇంట ఆ మాటకు అర్థం వేరు.

వారు కోనను పన్నెండు వంతులుగా విభజించి, మాఘమాసంలో చెట్టు నిద్రలో ఉండగా ఏటికొక వంతు మాత్రమే కొట్టేవారు. టేకును, మద్దిని, గుగ్గిలాన్ని నేలకు జానెడెత్తున, మోడు మీద వాన నీరు నిలవకుండా ఏటవాలుగా నరకడం ఆ ఇంటి విద్య. నీరు నిలిస్తే మోడు కుళ్లిపోతుంది, జారిపోతే అంచుల వెంట పిలకలు లేస్తాయి. ఆ పిలకల్లో పుష్టిగల దానిని ఒక్కదానిని ఉంచి, తక్కినవి విరిచి, మూడేళ్లపాటు మేకను దరిచేరనీయకుండా కాస్తే, పన్నెండేళ్లు తిరిగేసరికి ఆ వంతు మళ్లీ చేతికి వచ్చేది. మూడు తరాలు కొట్టినా అడవి తరగలేదు. పని లేని రోజున కూడా గవరమ్మ పొద్దున్నే లోపలికి వెళ్లి, తునికి పండు కొరుకుతూ, తీరికగా తిరుగుతూ ఉండేది. "రోజూ ఏటి సూత్తావే అప్పా, అయే సెట్లు గదా" అని పొరుగువారు వేళాకోళమాడితే, "నిన్నటి సెట్లు కావర్రా" అని నవ్వేది.

ఇంట బియ్యం అయిపోతే అయిపోయాయనడం అమంగళమని, నిండుకున్నాయనడం మనవారి ఆచారం కదా. గవరమ్మ ఇంట ఆ మర్యాద అడవికి కూడా ఉండేది. ఒక వంతు కొట్టడం పూర్తి కాగానే, నరికేశామని నోట అనక, ఆ వంతు నిండుకుందని చెప్పుకొనేవారు. అడవి వినే చోట అడవికి చెడ్డమాట వినిపించకూడదని వారి నమ్మకం.

ఇలా ఉండగా వైరిసింహ దేవుల వారికి తమ పట్టాభిషేక దినోత్సవానికి వేయికాళ్ల పందిరి వేయించాలని బుద్ధి పుట్టింది. కోనలో ఏ వంతు కలప ఎలా ఉందో కనుక్కొని రమ్మని భటుణ్ణి పంపగా, అతడు వెళ్లివచ్చి, తూర్పు వంతు నిండుకుందనీ, తక్కినవి ఇంకా ఎదుగుతున్నాయనీ గవరమ్మ చెప్పిన మాటను చెప్పినట్టుగా విన్నవించాడు. ప్రభువు పరమానందభరితుడయ్యాడు. పుట్టింది మొదలు ఆయన ఇంట ఏ వస్తువూ అయిపోయి ఎరుగదు గనుక, ఆ మాటకు రెండో అర్థం ఉందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. తెలిసిన వంటవారిని అడిగినవారూ లేరు.

జ్యేష్ఠమాసంలో నలభై బండ్లతో, నూరుమంది గొడ్డలివాళ్లతో ప్రభువు స్వయంగా తరలివచ్చి తూర్పు వంతులో అడుగుపెట్టేసరికి, కనుచూపుమేర మోళ్లు, వాటి అంచుల వేలెడేసి పిలకలు తప్ప మరేమీ కనబడలేదు. గవరమ్మను పిలిపించి, "నిండుకుందని చెప్పి పంపావు. ఏదీ అడవి?" అని అడిగాడు.

"నిండుకుందంటే కొట్టీసినామని బాబూ. బియ్యం నిండుకున్నాయని తమరింట అనరా?"

"మా ఇంట బియ్యం ఎన్నడూ అయిపోలేదు."

"మారాజుగారిల్లు, అలాగే ఉండాల" అంది గవరమ్మ. నిండుమనస్సుతోనే అంది. కానీ వెనక బండివాళ్లు ఇద్దరు కిసుక్కున నవ్వారు, ఆ నవ్వే కొంప ముంచింది. ఎల్లకాలం పొగడ్తలే విన్న చెవికి ఆ చిన్న నవ్వు మహాపరాధమై తోచగా, ప్రభువు అక్కడికక్కడే తాతగారి దానాన్ని రద్దుచేసి, రాగిరేకును తీసుకొని, మిగిలిన పదకొండు వంతులూ నరికి బండ్లకెత్తమని ఆజ్ఞాపించాడు.

గొడ్డలివాళ్లు మైదానపు మనుషులు. వంగి నరకడం నడుముకు చేటని, మాను దక్కితే చాలు మోడు ఎవరికి కావాలని, మొలలోతున బల్లపరుపుగా నరుకుతూ పోయారు. మూడు వంతులు నేలకూలాయి. గవరమ్మ గుండె చెరువైంది. కూలిన మానుల కోసం కాదు, అవి ఏనాటికైనా కూలవలసినవే. వారం రోజుల్లో మృగశిర వానలు దిగుతాయి. ఆ నీరు మోళ్ల మీద నిలిచిందంటే, ఆ మూడు వంతులు ఇక ఏ తరానికీ చిగురించవు. అది తలుచుకొనేసరికి ఆమెకు అన్నం సయించలేదు. తన గొడ్డలి భుజాన వేసుకొని, వాళ్లు నరికి వదిలిన ప్రతి మోడునూ మళ్లీ కిందికంటా ఏటవాలుగా చెక్కుతూ, వాళ్ల వెనకాలే నడవసాగింది.

అది ప్రభువు కంటబడి, "అడవి నీది కాదు గదా, ఈ చాకిరీ ఎవరి కోసం?" అన్నాడు.

"అడవి నాది కాకపోతే మోడుకి పానం నేదా బాబూ? తమరి పని తమరు కానివ్వండి, నా పని నాను సేసుకుంతాను."

అరవయ్యేళ్ల మనిషి. పొద్దస్తమానం చెక్కినా ముప్పై మోళ్లకు మించి సాగేది కాదు. చేతులు బొబ్బలెక్కాయి. ఒకనాటి మధ్యాహ్నం పడమటి కొండ మీద మబ్బు లేవగా చూసి, ఆమె గొడ్డలి కింద పెట్టి, "అమ్మా, నిన్ను రావద్దనడానికి నానెవత్తిని. రా. కాసింత ఆగి రా" అని అడవితల్లికి మొక్కి, మళ్లీ గొడ్డలి అందుకొంది.

అప్పుడు జరిగిన మహిమను ఆ సీమవారు నేటికీ చేతులు జోడించి చెప్పుకొంటారు. ఊళ్లన్నిటా వాన కురిసింది. సెలయేటి అవతల కట్టిన ప్రభువు గుర్రం తడిసి ముద్దయింది. ఇవతల ఆయన గుడారం మీద మాత్రం చుక్క పడలేదు. కోన చుట్టూ వాన గోడకట్టినట్టు నిలబడి, తొమ్మిది దినాలు లోపలికి అడుగుపెట్టక వేచి ఉంది. మూడోనాటికే గొడ్డలివాళ్లు భయభక్తులతో నరకడం మాని, ఆమెను చూసి నేర్చుకొని తామూ మోళ్లు చెక్కసాగారు. ప్రభువు మొదట ఆశ్చర్యపడ్డాడు, తరువాత భయపడ్డాడు, తొమ్మిదోనాటికి సిగ్గుపడ్డాడు. తలపాగా తీసి గుడారంలో పెట్టి, కాలినడకన ఆమె వద్దకు వెళ్లి, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగి, నలభై అని ఆమె చెప్పగా, తానూ ఒక గొడ్డలి పట్టాడు.

రాజు చెక్కిన మొదటి మోడు అంచులు ఎత్తుగా, నడుమ గుంటగా తయారైంది. "అలాక్కాదు బాబూ, నీరు బయటికి పోవాల" అని గవరమ్మ ఆయన చేయి పట్టుకొని, తరువాతి మోడు మీద గొడ్డలి వాలు సవరించింది. చక్రవర్తుల కిరీటాలకు సైతం వంగని నడుమట అది, ఆ పూట జానెడు మోళ్ల ముందు వంగింది. చివరి మోడు పూర్తిచేసి ఇద్దరూ నడుములెత్తేసరికి, తొలిచినుకు గవరమ్మ గొడ్డలి మీద టప్పున పడింది. ప్రభువు తడుస్తూ నిలబడి, కోన నలువైపులా కలయజూసి, "నిండుకుంది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాగిరేకు గవరమ్మకు తిరిగి దక్కింది, మిగిలిన ఎనిమిది వంతులూ నిలిచాయి. పందిరికి వేయి కాళ్లు కాలేదట, లెక్కపెట్టినవారూ లేరట. ఏడోనాటికల్లా మూడు వంతుల మోళ్లూ పిలకలు వేశాయి, ప్రభువు గుంట చేసిన ఆ ఒక్క మోడు తప్ప. గవరమ్మ ఆ తరువాత పన్నెండేళ్లు అడవిని అనుభవించి, తూర్పు వంతు మళ్లీ చేతికి వచ్చిన మాఘమాసాన, మొదటి చెట్టు చూసి వస్తానని లోపలికి వెళ్లి, ఆ చెట్టు నీడనే కన్ను మూసింది. ఊరివారికి చచ్చిపోయిందనడానికి నోరు రాలేదు. గవరమ్మ నిండుకుందని ఇంటింటా చెప్పుకొని ఏడ్చారు.

నాటి నుంచి అడవితల్లి అక్కడ నిండమ్మగా వెలసి, ఆ కోన నిండుకోన అయింది. విగ్రహం లేదు. చిగురించని ఆ రాజు మోడే అమ్మవారు. దాని గుంటలో నడివేసవిలోనూ నీరు ఉంటుంది, అదే తీర్థం. మాఘమాసపు కడపటి శుక్రవారం జాతరకు వచ్చే జనం ఎక్కువ, ప్రసాదం తక్కువ. గంగాళం అడుగంటాక పూజారి వరుసలో మిగిలిన వారి వైపు తిరిగి, "నిండుకుంది తల్లీ" అంటాడు. ఏమీ దొరకని ఆ భక్తులు ఆ మాటనే కళ్లకద్దుకొని, నిరుడు కొట్టిన వంతులోకి వెళ్లి, పిలకలు ఎంత ఎదిగాయో చూసుకొని ఇళ్లకు పోతారు.