ఊరంతా నూకరాజు నెట్

వంజరాపురంలో కేబుల్ టీవీ నూకరాజు ఇంట్లో ముగ్గురే మనుషులు: నూకరాజు, భార్య పైడమ్మ, తమ్ముడు సన్యాసి. ఊరి తెలివిలో ముప్పాతిక తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. మిగతా పావు ఎవరి దగ్గరుందా అని నూకరాజు చాలాకాలంగా చూస్తున్నాడు, ఇంతవరకూ ఎవరి దగ్గరా కనబడలేదు. చెప్పిన మాట చెప్పినట్టు చేయడమే తెలివని తమ్ముడికి రోజూ చెబుతాడు. సన్యాసి రోజూ ఒప్పుకుంటాడు.

ఇంత తెలివి ఉండి కూడా కేబుల్ కనెక్షన్లు నాలుగు వందల నుంచి ముప్పై ఆరుకు పడిపోయాయి. ఇంటర్నెట్ ఏజెన్సీ దొరికితేనే దుకాణం నిలుస్తుంది, లేదంటే తలుపులు మూసుకోవాలి. ఆ ఏజెన్సీ కోసమే ఊళ్ళో డిష్‌లు బిగించే డిష్ గంగులూ తిరుగుతున్నాడు. కంపెనీ ఇంజినీరు విశాలాక్షి గారు ఇద్దరికీ ఒకటే పని పెట్టారు. ఏ వీధిలో ఎవరి వైఫై అందుతోందో చూపించే పటం కావాలి. బండిలో లాప్‌టాప్ పెట్టుకుని తిరిగితే చాలు, అందిన ప్రతి నెట్ పేరూ, అందిన చోటూ అదే రాసుకుంటుంది. సాయంత్రం అయిదింటికల్లా ఎవరి పటం బాగుంటే ఏజెన్సీ వాళ్ళది. నూకరాజుకి ఒక పాత లాప్‌టాప్, చోటు చెప్పే జీపీఎస్ డబ్బా, ఏం చేయాలో రాసిన కాగితం ఇచ్చి వెళ్ళారు.

నూకరాజు కాగితం విప్పాడు. లాప్‌టాప్ బ్యాటరీ పోయింది, వ్యాన్ బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోండి అని మొదటి మాట. అంతే, సన్యాసి తమ కేబుల్ వ్యాన్ బ్యాటరీ ఊడదీసి, తెచ్చి వదిన ఒళ్ళో పెట్టి వైరు కలిపాడు. లాప్‌టాప్ వెలిగింది. వ్యాన్ కదల్లేదు. కాగితంలో వ్యాన్ కదలదని ఎక్కడా రాయలేదు కాబట్టి తప్పు వ్యాన్‌దేనని తేలింది. వెనక నుంచి సన్యాసి తొయ్యాలని కూడా తేలింది.

రెండో మాట, జీపీఎస్ డబ్బాకి ఆకాశం కనబడాలి. ఇంకేముంది, గ్యాస్ కట్టర్ తెప్పించి వ్యాన్ టాపుకి పళ్ళెమంత కన్నం పెట్టారు. డబ్బాకి ఆకాశం కనబడింది. ఎండ వచ్చి లాప్‌టాప్ మీద పడింది. మూడో మాట చూస్తే, లాప్‌టాప్ మీద ఎండ పడనీయకండి అని ఉంది. పైడమ్మ ఆ కన్నం మీద గొడుగు పట్టింది. డబ్బాకి ఆకాశం పోయింది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని అరగంట ఆలోచించి గొడుగుకి కూడా కన్నం పెట్టారు. ఎండ మళ్ళీ పడింది గానీ, గొడుగులోంచి వచ్చేది ఎండ కాదని నూకరాజు తేల్చేశాడు.

ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి లాప్‌టాప్‌కి నెట్ ఇవ్వమన్నది నాలుగో మాట. నూకరాజు తన పేరుతోనే హాట్‌స్పాట్ వేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు మొత్తానికి సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఆఖరి మాట, ఒక్క వీధీ వదలకండి, బండి ఎక్కడా ఆపకండి. బయల్దేరారు. రైల్వే గేటు పడి ఉంది. ఆపకూడదు కదా, గేటు ముందున్న ఖాళీ జాగాలో వ్యాన్ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నూకరాజు స్టీరింగు తిప్పుతున్నాడు, సన్యాసి తోస్తున్నాడు. గూడ్సు రావడానికి ఇరవై రెండు చుట్లు పట్టింది. పదహారో చుట్టులో సన్యాసి నోరు తెరిచాడు.

"అన్నయ్యా, కాసేపు లోపల కూర్చుని తొయ్యనా?"

"కాగితంలో లేదురా" అన్నాడు నూకరాజు.

అయిదింటికి విశాలాక్షి గారి ముందు రెండు పటాలూ పరిచారు. గంగులు పటంలో ఎనభై చుక్కలు, రకరకాల పేర్లు. నూకరాజు పటంలో చుక్క పెట్టడానికి ఖాళీ లేదు. పదకొండు వీధుల్లోనూ, గేటు దగ్గర గుండ్రంగానూ ఒకటే పేరు, నూకరాజు. నూకరాజు పటాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకి అద్దుకున్నాడు. ఊరంతా తన నెట్టే ఉంటే ఇన్నాళ్ళూ తనకే తెలియలేదు. పైడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఊరు మొత్తం తనదే అయినప్పుడు ఏజెన్సీ తనకెందుకని, దాన్ని పాపం గంగులుకి ఇచ్చేయమని నూకరాజు ఉదారంగా చెప్పాడు.

విశాలాక్షి గారు కోప్పడలేదు. అది మీ జేబులో ఉన్న ఫోనేనండీ, మీతో పాటు తిరిగింది కాబట్టి అన్నిచోట్లా అదే పడి మిగతా పేర్లని కప్పేసింది అని వివరంగా చెప్పారు. గంగులు అయిదు వీధులు ఎగ్గొట్టాడు, వీళ్ళు ఒక్కటీ వదల్లేదు, అందుకే ఇంకో అవకాశం ఇస్తానన్నారు.

"ఫోన్ ఎక్కడుంటే మీ నెట్ అక్కడే ఉంటుంది నూకరాజు గారూ, అది గుర్తుపెట్టుకోండి. పైవాళ్ళని అడిగి ఏడింటికి మీకు ఫోన్ చేస్తాను. ఎత్తితే రేపు మళ్ళీ తిరగండి. ఎత్తకపోతే ఏజెన్సీ గంగులుకే."

ఇంటికి వస్తూ నూకరాజు ఆ మాటనే నమిలాడు. ఫోన్ ఎక్కడుంటే నెట్ అక్కడ. వీధులు పదకొండు, ఫోన్ ఒకటి.

"ఒక్క కొబ్బరిచెక్కని ఇరవై ఇళ్ళకి పంచినదాన్ని, ఇదెంత" అంది పైడమ్మ.

అంతే. సన్యాసి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. అద్దం, వెనక మూత, బ్యాటరీ, సిమ్ము, కెమెరా, ఇలా విప్పుకుంటూ పోతే పది ముక్కలే వచ్చాయి. మూతని రెండుగా విరిచి లెక్క సరిచేశారు. కేబుల్ వాళ్ళు కాబట్టి వీధికో స్తంభం ఎలాగూ వాళ్ళ చేతిలో ఉంది. ఒక్కో స్తంభానికి ఒక్కో ముక్క, వైరు చుట్టి గట్టిగా బిగించారు. ఏడయ్యేసరికి సన్యాసి సిమ్ము దగ్గర, పైడమ్మ బ్యాటరీ దగ్గర, నూకరాజు సగం మూత దగ్గర స్తంభానికి చెవి ఆనించి నిలబడ్డారు.

ఏడూ పది అయింది. గంగులు ఫోన్‌లో మాట్లాడుతూ, నవ్వు ఆపుకుంటూ నూకరాజు దగ్గరికి వచ్చాడు. మేడమ్ నీకు నాలుగుసార్లు చేశారట, ఎందుకు ఎత్తలేదో అడగమంటున్నారు అంటూ ఫోన్ అందించాడు.

నూకరాజు స్తంభం మీంచి చెవి తీయకుండానే ఫోన్‌ని రెండో చెవికి పెట్టుకున్నాడు.

"ఏడింటి నుంచీ ఇక్కడే ఉన్నానండీ, ఎక్కడికీ కదల్లేదు. నా ఫోన్ పదకొండు వీధుల్లోనూ ఉంది. ఇంతకీ మీరు ఏ వీధికి చేశారు?"