ఈరవ్వ ఒట్టి చెయ్యి

కొండలకు పేర్లు లేని కాలం. వాగులకు వంతెనలు లేని కాలం. మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలం. దగ్గరికి జరగండి నాయనా, వెనకున్న తల్లులకు కూడా వినపడాలి. దేవుడు గోపురం కింద ఎంత ఉంటాడో ముళ్ళకంప దొడ్డిలోనూ అంతే ఉంటాడు. ఇది ఆ దొడ్డి కథ.

ఒక గుట్ట కింద ఈరవ్వ అనే ముసలమ్మ ఉండేది. పెనిమిటి లేడు, పిల్లలు లేరు. చారెడు జొన్నచేను, తొమ్మిది మేకలు. ఆ మేకల పాలు, ఆ మేకల ఎరువు, వాటితోనే ఆమె పొయ్యి వెలిగేది. మేకలుంటే ఈరవ్వ ఉన్నట్టు. లేకుంటే లేనట్టే.

తెల్లారగానే దొడ్డి తెరిచి, బండరాయి మీద కూర్చుని, అరచేతిలో చిటికెడు ఉప్పు వేసుకుని చాపేది. ఒక మేక వచ్చి నాకిపోయేది. మళ్ళీ చిటికెడు, మళ్ళీ ఒక మేక. స్వామిని తలుచుకుంటూ తొమ్మిదిసార్లు. ఒక్కనాడూ తప్పలేదు.

మేకలున్నవాళ్ళంతా దొంగల భయానికి మేకల చెవులకు గాట్లు పెట్టేవారు. ఎవరి గాటు వారిది. ఈరవ్వ మాత్రం పెట్టలేదు.

"పెట్టించవ్వా. రేపు ఎవడన్న తోలుకపోతే నీవని ఎట్ల చెప్తవ్?" అన్నారు పొరుగువాళ్ళు.

"చెవి కోస్తే నొస్తది బిడ్డా."

చుట్టాలు చెప్పారు. చెవి కోస్తే నొస్తది అంది. ఆఖరికి గాట్లు పెట్టేవాడే కత్తి పట్టుకుని వచ్చాడు. వాడికీ అదే మాట చెప్పి, మజ్జిగ పోసి పంపింది.

ఒక ఎండపొద్దు పోచాలు అనేవాడు దొడ్డి ముందు నిలబడ్డాడు. "అవ్వా, నోరెండుతుంది. జర నీళ్ళియ్యి."

"కుండల నీళ్ళు వేడెక్కినయ్ కొడుకా. చెలిమె నీళ్ళు తెస్త, కూసో."

వాగు ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీళ్ళు అవి, చల్లగా ఉంటాయి. వాడి కోసం వాగు దాకా నడిచింది. చెంబుతో తిరిగి వచ్చేసరికి మనిషి లేడు. మేకలూ లేవు.

ఈరవ్వ కొంగున ఉప్పు మూటకట్టుకుని బయలుదేరింది. వారానికో సంత. మొదటి సంతకు పోయింది. లేవు. రెండో సంతకు పోయింది. లేవు. మూడో సంతకు పోతుంటే ఇంకో పెద్ద వాగు అడ్డమొచ్చింది. రొమ్ములోతు నీళ్ళు. గట్టెక్కి చూసుకుంటే మూటలో ఉప్పు కరిగిపోయింది.

మూడో సంతలో మేకలున్నాయి. తొమ్మిదీ ఉన్నాయి. తొమ్మిదింటి చెవులకూ పోచాలు గాటుంది. పుండు మానేదాకా వాడు గుట్టల్లో దాచాడు మరి.

"ఇవి నావి" అంది ఈరవ్వ.

"గుర్తేందవ్వా?" అన్నాడు సంతపెద్ద.

"గుర్తు లేదయ్యా."

"నా గాటు కనపడతలేదా?" అన్నాడు పోచాలు. "చూడు పెద్దయ్యా, నా మేకలు నా మాట ఎట్ల వింటయో!"

మేడికొమ్మ ఊపాడు. మేకలు ఉరికి వచ్చాయి. జొన్నలు చల్లాడు. మేకలు మూతులు పెట్టాయి. కర్ర ఎత్తాడు. మేకలు వాడి వెనక నక్కాయి. సంతంతా "వాడివే, వాడివే" అంది.

ఈరవ్వ నేల మీద చతికిలబడింది. స్వామీ అనుకుని ఒట్టి చెయ్యి చాపింది. అంతే. ముందు ఒక మేక జొన్నలు వదిలేసి వచ్చి ఆ అరచెయ్యి నాకింది. తర్వాత ఇంకొకటి. వరసగా తొమ్మిది. చెమటలో ఉప్పు ఉందో, ప్రేమలో ఉందో, ఆ స్వామికే ఎరుక. చేతిలో మాత్రం ఏమీ లేదు.

సంతపెద్ద కొరడా తెమ్మన్నాడు. ఈరవ్వ పోచాలు వైపు చూసింది.

"చెలిమె నీళ్ళు తెచ్చిన గద కొడుకా. తాగకుండనే పోతివి."

వాడు తల ఎత్తలేదు. వాడి కళ్ళ నీళ్ళు మట్టిలో పడ్డాయి.

"కొట్టకుండ్రి," అంది పెద్దతో. "నాకు కండ్లు మసకైనయ్, దొడ్డికి కావలి కావాలె. దొంగతోవలు వీడికెరుకైనంత ఇంకెవరికెరుక?"

సంతంతా గొల్లున నవ్వింది. పోచాలు ఆమె వెంట నడిచాడు. మొదటి ఏడు ఏ మేకా వాడి చెయ్యి ముట్టలేదు. రెండో ఏడూ ముట్టలేదు. మూడో ఏడు ఈరవ్వ కాలం చేసింది. మర్నాడు తెల్లారి వాడు ఏడుస్తూ ఆ బండరాయి మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఉప్పు వేసుకోవడం మరిచిపోయాడు. మేకలు వచ్చాయి.

ఆ సంత ఇప్పటికీ జరుగుతుంది. మేకను కొనేవాడు ముందు బేరమాడడు. "ఏదీ, ఈరవ్వ చెయ్యి చాపు" అంటాడు. అమ్మేవాడు ఒట్టి చెయ్యి చాపాలి. మేక వచ్చి నాకితే సరే. నాకకపోతే ఎవరూ తిట్టరు, చెయ్యి ఎత్తరు. చల్లని నీళ్ళ చెంబు తెచ్చి ఆ మనిషి చేతిలో పెడతారు. తాగేదాకా ఆగుతారు. ఆ తర్వాతే అడుగుతారు, ఈ మేక ఎవరిదని.