తలనాటమ్మ కొండపై ప్రసాదం ఎందుకు పెట్టరు

గోదావరికి ఎగువన, జీలుగువాగు దాటి రాళ్లబాట పట్టి పైకి ఎక్కితే తలనాటమ్మ తల్లి సన్నిధి వస్తుంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. తాటాకు పందిరి కింద అమ్మవారు నేలమీదనే కూర్చుని ఉంటారు. ఎడమచేయి ఒడిలో ఉంటుంది. కుడిచేయి మణికట్టు దాకా మట్టిలో దిగి ఉంటుంది. ఆ చేతిలో ఏముందో తవ్వి చూద్దామని ఇంతవరకు ఎవరూ సాహసించలేదు. పక్కనే మోకాలెత్తు రాయి ఒకటి, ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్న మనిషిలా ఉంటుంది. దానికి కూడా పసుపు పూస్తారు.

కొత్తగా వచ్చే భక్తులకు ఇక్కడ మొదట కలిగేది ఆశాభంగమే. దర్శనం కాగానే అలవాటు కొద్దీ దోసిలి పడతారు. అందులో ప్రసాదానికి బదులు మట్టి అంటిన అడవిపెండలం దుంప పైముక్క పడుతుంది. తీగ పుట్టే ఆ పైభాగాన్ని కొండజనం తల అంటారు. అది తినడానికి కాదు, నాటడానికి. ఇంత ఎండలో కొండెక్కి వస్తే పిడికెడు పులిహోరైనా పెట్టరా అని విసుక్కునేవారు ఏటా ఉంటారు. వారి విసుగు న్యాయమైనదే. కానీ ఈ కొండ ఒకప్పుడు అడిగినవారందరికీ పెట్టి పెట్టి అడుగంటిపోయింది. ఆ సంగతి తెలిసినవారు మళ్లీ ఇక్కడ దోసిలి పట్టరు.

పూర్వం ఇక్కడ ఒక చిన్న గూడెం ఉండేది. ఆ గూడెంలో ఈరమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆమె రాకముందు ఇద్దరు పుడితే ఒకరు దక్కేవారు. ఆమె హస్తవాసి ఎలాంటిదో గాని, అడ్డం తిరిగిన బిడ్డ కూడా ఆమె చేయి తగిలితే దారికి వచ్చేదట. పుట్టినవారు పుట్టినట్టే దక్కసాగారు. లోకంలో అంతకు మించిన పుణ్యం ఏముంటుంది? గూడెమంతా ఆమెను చేతులెత్తి మొక్కింది.

ఆ రోజుల్లో కొండజనానికి ఆధారం అడవిపెండలమే. ఇనుపమొన తొడిగిన కర్రతో దుంపను తవ్వి తీసినవారు తలను మాత్రం కోసి, అదే గుంటలో పెట్టి మట్టి కప్పి రావాలి. తొలకరి పడగానే ఆ తల మళ్లీ తీగ సాగేది. ఎంత ఆకలిగా ఉన్నా తలను ఇంటికి తేకూడదన్నది కట్టుబాటు. దానికి ఒక్కటే మినహాయింపు ఉండేది. ఇంట్లో బాలింత ఉంటే, పురిటిస్నానం అయ్యేదాకా తల ఉడికించిన గంజి ఆమెకు పోయవచ్చు. తలగంజి కొంచెం చేదుగా ఉంటుంది. దానితో పాలు పడతాయని, పచ్చి ఒళ్లు గట్టిపడుతుందని నమ్మకం. ఆ గంజి కాచి, తన చేత్తో ప్రతి బాలింత నోటికీ అందించింది ఈరమ్మే.

గూడెంలో ఎప్పుడో ఒక పురుడు వచ్చినన్నాళ్లు, పోయిన ఆ కాసిని తలలు కొండకు లెక్కలోకి రాలేదు. ఈరమ్మ చేతిమీద పుట్టిన ఆడపిల్లలు పెద్దవారై, మళ్లీ ఆమె చేతిమీదే పురుళ్లు పోసుకున్నారు. ఒక గూడెం మూడు గూడేలైంది. ఉయ్యాల లేని పాక లేదు. ఇంతమందికి కూడెక్కడిదే అని ఎవరైనా అంటే, ఈరమ్మ బొడ్డుతాడు కోస్తూనే నవ్వి, "నారు పోసినోడు నీరు పొయ్యడా" అనేది. ఊరికే నోటిమాటగా అనలేదు. మనసారా నమ్మి అనేది.

ఎవరూ తప్పు చేస్తున్నామనుకోలేదు. నా ఇంట బాలింత ఉంది, ఒక్క తలే కదా అని ప్రతి ఇంటివారూ అనుకున్నారు. తలలు తెచ్చినవారు మళ్లీ ఆ గుంటల వైపు చూడలేదు. కొండకు ఇవతలివైపు అయిపోతే అవతలివైపుకు పోయారు. అక్కడా తీగలు పలచబడితే, వానలు సరిగ్గా లేవని వాననే తిట్టుకున్నారు. పాపం, ఆ వాన మాత్రం ఏం చేస్తుంది? మొలవడానికి మట్టిలో ఏదైనా ఉంటే కదా.

చివరికి ఒక వేసవిలో కొండమీద ఎటు చూసినా గుంటలే మిగిలాయి. తవ్వినచోటే మళ్లీ తవ్వి వట్టి చేతులతో వచ్చేవారు. చింతగింజలు నానబెట్టుకుని తిన్నారు. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అప్పుడు మూడు గూడేలకూ పెద్దకాపైన బూసన్న ఈరమ్మ గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు. వేలితో నేల గీకుతూనే నోరు విప్పాడు.

"ఈరక్కా, ఇంక పురుడు పొయ్యకు. వచ్చేవోళ్లని ఆపలేం. దక్కేవోళ్లయినా తగ్గుతారు" అన్నాడు.

ఆ మాట అన్నవాడు కఠినుడు కాడు. అతని ఇంట్లో ఇద్దరు మనవలు ఆకలికి లేవలేక చాపమీద పడి ఉన్నారు. ఈరమ్మ అతన్ని తిట్టి పంపింది. పంపింది గాని ఆనాటి నుంచి నారు, నీరు మాట ఆమె నోట రాలేదు.

ఈరమ్మకు ఒక్కతే కూతురు, పేరు చిలకమ్మ. ఊరందరికీ సంతానం కలిగించిన చేతికి సొంత ఇంట మనవలు లేరని జనం జాలిపడేవారు. చాలా ఏళ్లకు, అందులోనూ ఆ కరువు వేసవిలోనే, చిలకమ్మకు నెలలు నిండాయి. మగడు అంతకుముందే జ్వరంతో పోయాడు. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. బిడ్డ గుప్పెడంత ఉన్నా గట్టిగానే ఏడ్చింది. తల్లి మాత్రం తేరుకోలేదు. పెదవులు తెల్లబడ్డాయి, పాలు పడలేదు. ఈరమ్మ పసికందును పొరుగామెకు అప్పగించి, కర్ర పట్టుకుని కొండెక్కింది. ఎలాగైనా ఒక్క తల తెచ్చి కూతురికి గంజి కాచాలన్నదే ఆమె తపన.

వాలు వాలంతా వెదికింది. ఎటు చూసినా గుంటలే. ఆ గుంటలు ఎవరెవరి పురుళ్లకు తవ్వినవో ఆమెకు గుర్తొస్తున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చాక, ఇప్పుడు అమ్మవారు ఉన్న ఈ బండల సందులో ఎండిన తీగ ఒకటి కనిపించింది. చేతులు బొబ్బలెక్కేలా తవ్వితే, మూరెడు దుంప బయటపడింది. దాన్ని ఒడిలో పెట్టుకుని, గుంటలో కాళ్లు పెట్టుకునే కూర్చుంది. రెండు రోజులుగా కునుకు లేదు, కడుపులో మెతుకు లేదు. కళ్లు మూతలు పడ్డాయి.

కలలో ఒక స్త్రీ కనిపించింది. చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన గుడ్డ, పొట్టకు చుట్టిన పాతచీర. ఈరమ్మ ఎన్నో ఇళ్లలో చూసిన బాలింత రూపమే అది. మట్టిరంగు ఒళ్లు ఎండి బీటలు వారి ఉంది. దోసిలి పట్టి గంజి అడిగింది. నువ్వెవరి దానివమ్మా, నీ పురుడు నేను పోయలేదే అంది ఈరమ్మ.

"నేనీ కొండనే. పెతి తొలకరికీ కంటానే ఉన్నాను. నా గంజి ఊరందరికీ పంచావు. మరి నాకెవరు పోత్తారే?" అంది ఆ తల్లి.

ఈరమ్మ కాళ్లమీద పడింది. బూసన్న అన్న మాట ఆమె గుండెలో ముల్లులా ఉంది కనుక అదే అడిగింది. జనం ఎక్కువైపోయామా తల్లీ, ఎంతమందిని మొయ్యగలవో చెప్పు, ఆపమంటే ఇప్పుడే ఆపేస్తాను అంది.

"ఎంతమందని నన్నడక్కు. నా ఒడి ఎంతో నాకూ తెలీదు. తీసినోళ్లలో తిరిగి ఎట్టినోళ్లెంతమందో సూసుకో" అని ఆ తల్లి చేయి చాచింది.

మెలకువ వచ్చేసరికి ఒడిలో దుంప ఉంది. కొండమొత్తం మీద మిగిలిన తల అదొక్కటే. కింద పాకలో కూతురు ఉంది. ఈరమ్మ కత్తి తీసి తలను వేరు చేసింది. కొంగులో కట్టుకుని నాలుగడుగులు దిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. అలా ఎన్నిసార్లు దిగి ఎక్కిందో చూసినవారు లేరు. చివరకు ఆ గుంటలో తలను పెట్టి, కుడిచేత్తో నొక్కి మట్టి కప్పింది. అప్పుడు ఆమె పెట్టిన ఏడుపు వాగు దాకా వినిపించిందని పెద్దలు చెబుతారు.

మిగిలిన దుంప ఉడికించి కూతురి నోటికి గంజి అందించింది. చిలకమ్మ తల్లి వెంట ఎన్నో పురుళ్లకు వెళ్లిన పిల్ల. గుక్క తాగగానే తెలిసిపోయింది.

"సేదు లేదేంటమ్మా? అందరికీ ఎట్టావుగా, నాకేదే తల?"

ఈరమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. మట్టికి ఇచ్చానంది. చిలకమ్మ బిడ్డను దగ్గరకు లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. మూడోనాడు అలాగే కన్నుమూసింది.

తలగంజి తాగితే బతికేదా? ఎవరు చెప్పగలరు? ఈరమ్మకు మాత్రం బతికేదనే అనిపించింది, చివరి ఊపిరి దాకా. కన్నకూతురి నోటి దగ్గరి కూడు మన్నులో పోసిందని జనం ఆమె ముఖం చూడటం మానేశారు. ఆమె మేకపాలతో మనవరాలిని పెంచుతూ, బండల సందున కాపలా కూర్చుంది. తొలకరికి తీగ లేచింది. దాని దుంప తలను ముక్కలు చేసి నాటింది, వాటి తలలను మళ్లీ నాటింది. మనవరాలు పెద్దదయ్యేసరికి ఈ వాలంతా పచ్చబడింది. అప్పుడు బూసన్నే ముందుగా వచ్చి ఆమె పక్కన గుంట తవ్వాడు. అటుపైన ఆమె మానకుండా పురుళ్లు పోసింది. బాలింతలకు దుంప గంజే పోసింది గాని, ఏ తలనూ పొయ్యికెక్కనివ్వలేదు. ఒకనాడు తల నాటుతూ నాటుతూ, చేయి మట్టిలో ఉండగానే శిలయై వెలసింది.

నేటికీ ఆ మనవరాలి వంశంలోని స్త్రీలే ఇక్కడ పూజారిణులు. బిడ్డ పుట్టిన దంపతులు అన్నప్రాశనకు ముందు ఇక్కడికి వచ్చి ఒక తల నాటి, "మా బిడ్డకు చోటియ్యి తల్లీ" అని మొక్కుతారు. అలా మొక్కిన ఇంట కూటికి లోటుండదని, పసిబిడ్డలు చల్లగా ఉంటారని భక్తుల విశ్వాసం. బస్సు వేసినప్పటి నుంచి భక్తులు పెరిగారు. నాటడానికి చోటు వెతుకుతూ ఏటా కొంచెం పైకి పోవలసి వస్తోంది. శిఖరం ఇంకెంతో దూరం లేదు. ఈ మాట పూజారిణిని అడిగితే అమ్మవారి కుడిచేతి వైపు చూస్తుంది.

తొలకరికి ముందు, చిలకమ్మ పోయిన తిథినాడు మాత్రం ఒక్క తలను ఉడికించి, ఆ చేదు గంజితో సహా ఆకుదొప్పలో పెట్టి చిన్నరాయి ముందు ఉంచుతారు. ఆ రోజు పూజారిణి పచ్చిమంచినీళ్లు ముట్టదు. పొద్దు వాలాక ఆ తలను తీసుకెళ్లి అమ్మవారి చేతి పక్కన గుంట తీసి పెడతారు. ఉడికిన తల మొలవదని అందరికీ తెలుసు. అయినా దాని మీద కూడా మట్టి కప్పి, నీళ్లు పోసి వస్తారు.