సీసాలో ఆఖరి చుక్కలు

ఉదయం ఎనిమిది దాటింది. ముసురు పట్టింది. మధ్యాహ్నం బడి పిల్లల బస్సు మారేడుమిల్లి అడవి శిబిరానికి బయలుదేరాలి. వాళ్ళ ఒంటికి కొట్టే దోమల మందు మా షెడ్డులోనే తయారవుతోంది. ఆ బస్సులో నా కూతురు ఆమని కూడా వెళ్తోంది.

మాకు పని నేర్పే తాయారమ్మగారికి ఒక పట్టింపు ఉంది. నిమ్మగడ్డి నూనెను ముందుగా జిగట మందులో కలపాలి. నూనెనూ నీళ్ళనూ కలిపి ఉంచేది ఆ మందే. రెండూ అద్దంలా తేటపడ్డాకే, నీళ్ళు సన్నటి ధారగా పొయ్యాలి. కొత్తగా చేరిన పద్మిని ఆ ఉదయం నూనెను నేరుగా నీళ్ళలో పోసి, జిగట మందు ఆఖర్న వేసి, గట్టిగా గిలకొట్టింది. అంతా పాలలా తెల్లబడింది.

"మూడూ చేరేది ఒక్క సీసాలోకే కదండీ, ఏది ముందైతే ఏంటండీ?" అని అడిగింది. "మీకు ఓపికెక్కువ. దోమలకి లేదు కదండీ."

అందరం నవ్వాం. తాయారమ్మగారూ నవ్వారు. ఆ తెల్లనీళ్ళను అరచేతిలో ఇమిడే స్ప్రే సీసాలో నింపి, కిటికీలో పెట్టి, "టిఫిను తినేసి రండి" అన్నారు.

తిని వచ్చాక మమ్మల్ని చేతులు చాపి వరసగా నిలబడమన్నారు. సీసా కదిలించకుండా ఒక్కొక్కరికీ కొట్టుకుంటూ వచ్చారు.

"వాసనేదండీ? ఈ పన్నీరుకేనా పెళ్ళికొచ్చినట్టు నిలబెట్టారు?" అంది మాతో పనిచేసే సత్యవతి.

వరస చివర పద్మిని చెయ్యి చాపింది. సీసా అడుగంటుతోంది. తాయారమ్మగారు ఆ చేతిని పక్కకు జరిపి, మిగిలిందంతా తన మణికట్టు మీద కొట్టుకున్నారు. గుప్పున వాసన వచ్చింది. చూస్తుండగానే చర్మం కందిపోయింది. స్ప్రే గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది, నూనె పైకి తేలుతుంది. అంతసేపూ మా చేతుల మీద పడింది వట్టి నీళ్ళే. ఆఖర్న ఆవిడ మణికట్టు మీద పడింది అచ్చం నూనె.

పద్మిని కొబ్బరినూనె తెచ్చి తుడుస్తూ, "ఊపి కొట్టమని సీసా మీద రాద్దామండీ" అంది.

"మేష్టారు పిల్లల్ని చూసుకుంటారా, సీసా చదువుతారా?" అన్నారు తాయారమ్మగారు.

శిబిరంలోనూ పూటకి ఒక్క సీసాతోనే, పిల్లల్ని ఇలాగే వరసగా నిలబెట్టి కొడతారు.

"మా ఆమని ఎక్కడైనా అందరికీ దారిచ్చి ఆఖర్నే నిలబడుతుందండీ" అన్నాను.

పద్మిని చున్నీ నడుముకు బిగించింది. తెల్లనీళ్ళన్నీ పారబోసింది. నూనె, జిగట మందు కొత్తగా తీసి కలపడం మొదలుపెట్టింది. బస్సు వేళవుతోందని సత్యవతి గుర్తుచేస్తే, "ఆగుతుందిలే అక్కా. ఆగకపోతే ఎదురెళ్ళి నిలబడతాను" అంది. తేటపడేదాకా నీళ్ళ బిందె వైపు చూడలేదు. తరవాత పోసిన ధార దారమంత సన్నం. సీసాలు నింపి, ఒకటి కిటికీలో పెట్టి, దాని ముందే కూర్చుంది. పైకి ఏమీ తేలలేదు. తాయారమ్మగారు మెచ్చుకోలేదు. సీసాలు పెట్టెలో సర్దారు. బస్సు హారన్ కొడుతుండగా పద్మిని వానలో పరిగెత్తి వాటిని అందించింది.

శిబిరం ముగిసి బస్సు తిరిగొచ్చిన సాయంత్రం తాయారమ్మగారు, పద్మిని, నేను బడి గేటు దగ్గర ఉన్నాం. పిల్లలు గోలగోలగా దిగుతున్నారు. దిగిన ప్రతివాడినీ ఆపి పద్మిని చేతులు చూస్తోంది. "ఒక్క దోమా కుట్టలేదక్కా!" అని ఒకడు అరిస్తే, సంబరంగా తాయారమ్మగారి వైపు తిరిగింది.

ఆవిడ కళ్ళు బస్సు తలుపు మీదే ఉన్నాయి. "ఇంకా దిగనివాళ్ళని అడుగమ్మా" అన్నారు.

నేను లెక్కపెడుతున్నాను. మా షెడ్డులో పనిచేసే సురేఖ పిల్లలిద్దరూ వచ్చారు. సత్యవతి మనవడు వచ్చాడు. మా వీధి కవలలు వచ్చారు. మేష్టారు కూడా దిగారు. ఆయన వెనకాల ఆమని, రెండు చేతులూ ఊపుకుంటూ. ఆ చేతుల మీద ఒక్క మచ్చ లేదు.

అందరూ వచ్చారు.