ఎర్ర బల్బు

కాకినాడ జగన్నాథపురంలో జయపాల్ అనే గిటారు మాస్టారు ఉండేవాడు. ఎంత చక్కగా బాణీలు కట్టేవాడో, ఇంట్లోవాళ్ళ నోళ్ళు అంత గట్టిగా కట్టేసేవాడు.

పాటలు రికార్డు చేసుకోవడానికి ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నాడు. దానికోసం మేనత్త మార్తమ్మ గది తీసుకున్నాడు. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. ప్రార్థన మందిరంలో పక్కన నిలబెట్టుకుని పాట నేర్పిందీ ఆవిడే.

"వీధి గోల వినబడని గది ఇదొక్కటే అత్తా," అన్నాడు.

"తీసుకోరా, నాకు హాల్లో మంచం చాలదూ?" అంది మార్తమ్మ.

గోడలకు పాత పరుపులు, రగ్గులు కొట్టించాడు. మైకు, కంప్యూటరు పెట్టాడు. మార్తమ్మకు ఉబ్బసం. ఆవిడ మందులు మాత్రం ఆ గది గూట్లోనే ఉండిపోయాయి.

తర్వాత గది తలుపు పైన ఒక ఎర్ర బల్బు బిగించాడు. అది వెలిగిందంటే లోపల రికార్డింగు నడుస్తోందన్నమాట. ఇక ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు! కుక్కరు పెట్టకూడదు. మిక్సీ తిప్పకూడదు. హాల్లో ఫ్యాను కూడా ఆపేయాలి, దాని రొద మైకులో పడుతుందట. అతని భార్య ఎస్తేరు అంట్లన్నీ తట్టలో వేసుకుని, డాబా మీద కుళాయి దగ్గరికి మోసుకెళ్ళి తోముకునేది. మార్తమ్మ దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. మే నెల ఉక్కలో, ఫ్యాను లేకుండా! ఇంతకీ ఆ మహానుభావుడు అంత కష్టపడి కడుతున్న బాణీ పేరేమిటో తెలుసా? 'మా ఇల్లు'.

ఒక శనివారం వచ్చింది. ఆ సాయంత్రంలోగా బాణీ పంపితే, సముద్రం ఒడ్డున జరిగే ఉత్సవంలో వినిపిస్తామని అక్కడి నిర్వాహకులు చెప్పారు. జయపాల్‌కు కాళ్ళు నేలమీద ఆనలేదు. పొద్దున్నే గదిలోకి పోతుంటే మార్తమ్మ ఎదురొచ్చింది.

"ఒరే జయా, నా పీల్చే మందు అయిపోయిందిరా. గూట్లో కొత్తది ఉంది, కాస్త అందుకుని ఇటివ్వు."

"ఉండత్తా, ముందు నన్ను మైకు సర్దుకోనీ," అని తలుపు మూసుకున్నాడు. బల్బు వెలిగింది. మార్తమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది.

మధ్యాహ్నానికి చెయ్యి బాగా తిరిగింది. బాణీ చివరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే బయట మార్తమ్మ దగ్గింది. జయపాల్ తలుపు తీసుకుని విసురుగా బయటికొచ్చాడు.

"అత్తా! మూడు నిమిషాలు! మూడంటే మూడు నిమిషాలు ఆపుకోలేవా? బంగారంలా వస్తున్నదాన్ని పాడుచేశావు కదా!"

"తప్పయిందిరా నాన్నా. ఇంక దగ్గను. ఆ మందు..." ఆవిడ మాట పూర్తికాకుండానే తలుపు ధడాలున పడింది.

మళ్ళీ మొదలుపెట్టాడు. సగంలో తీగ పుటుక్కున తెగింది. ఛీ, ఏమిటీ పీడ అని విసుక్కుంటూ గిటారు పక్కన పెట్టి, గదికున్న వెనక తలుపు తీసుకుని సందులోంచి బజారుకు పోయాడు. రికార్డింగు ఆపలేదు. బల్బు ఆర్పలేదు.

కొట్లో తీగ కొంటుంటే పాత స్నేహితుడొకడు కలిశాడు. ఇద్దరూ టీ తాగుతూ నిలబడ్డారు.

"ఇంట్లో రికార్డింగంటే కష్టం కాదట్రా? గోల ఉండదూ?" అన్నాడు స్నేహితుడు.

"మా ఇంట్లోనా? బల్బు వెలిగిందంటే అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్సిందే!" అన్నాడు జయపాల్, మహా గొప్పగా.

గంట తర్వాత వెనక తలుపునుంచే వచ్చాడు. రికార్డింగు నడుస్తూనే ఉందని చూసి ఆపాడు. తీగ మార్చాడు. దాహం వేసి, నీళ్ళకోసం హాలు వైపు తలుపు తీశాడు. గుమ్మంలో మార్తమ్మ గోడకు చేరగిలబడి ఉంది. పెదవులు నీలం తిరిగాయి. ఒక చెయ్యి గడప మీద ఉంది.

"అత్తా! ఎస్తేరూ!" అని కేక పెట్టాడు. గూట్లోంచి మందు లాగి ఆవిడ నోటికి అందించాడు. డాబా మీదినుంచి ఎస్తేరు పరుగున దిగింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"ఇంకో పది నిమిషాలైతే మనిషి దక్కేది కాదు," అన్నాడు డాక్టరు.

చూడటానికి వచ్చిన సంఘంవాళ్ళంతా జయపాల్‌ను మెచ్చుకున్నారు. "సమయానికి నువ్వు ఇంట్లో ఉన్నావు కాబట్టి ఆవిడ బతికింది బాబూ," అన్నారు. జయపాల్ కాదనలేదు. పైపెచ్చు ఎస్తేరుతో, "పక్క గదిలోనే ఉన్నాను కదా, ఒక్క పిలుపు పిలిస్తే పోయేది," అన్నాడు.

నాలుగో రోజు మార్తమ్మ ఇంటికొచ్చింది. జయపాల్ పనికొచ్చే ముక్కేమైనా ఉందేమోనని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆనాటి రికార్డింగు విన్నాడు. తీగ తెగింది. వెనక తలుపు మూసుకుంది. తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. చాలాసేపటికి, హాలు వైపు తలుపు అవతల, మెల్లగా పిల్లికూతలు వినిపించాయి. ఆయాసపు పిల్లికూతలు. కాళ్ళీడ్చుకుంటూ ఎవరో తలుపు దగ్గరికి వచ్చారు. చెక్క మీద గోరుతో ఒక్కసారి కొట్టారు.

"జయా..."

ఆ తర్వాత ఆ గొంతే తనలో తను గొణుక్కుంది. "వద్దులే. బల్బు వెలుగుతోంది. పాపం, పిల్లాడు మళ్ళీ మొదట్నించి వాయించుకోవాలి."

ఇక మిగిలిందంతా ఊపిరే. అతను కొట్టు దగ్గర టీ తాగిన సేపంతా ఆ ఊపిరే.

జయపాల్ హెడ్‌ఫోన్లు తీసేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోయింది. ఒక్క మీట నొక్కితే ఇదంతా చెరిగిపోతుంది. ఎవరికీ తెలియదు. వేలు మీట దాకా పోయింది కూడా! అప్పుడే హాల్లో పాస్టరుగారి గొంతు వినిపించింది.

"మార్తమ్మగారూ, మీ మేనల్లుడు పక్కనే ఉండబట్టి గండం గడిచింది."

"అవునండీ, నా బిడ్డే నన్ను బతికించాడు," అంది మార్తమ్మ.

ఆ మాటతో జయపాల్ లేచి బయటికి వచ్చాడు.

"నేను గదిలో లేనండి," అన్నాడు. "బల్బు ఆర్పకుండా బజారుకెళ్ళాను. అత్త తలుపు కొట్టింది. పొద్దున్నే మందు అడిగింది కూడా. నేనే ఇవ్వలేదు."

మార్తమ్మ మంచం మీంచి అతని వైపు తిరిగింది.

"అంటే ఖాళీ గదికి జడిసి చావబోయానట్రా నేను?" అంది. "లోపల నువ్వు వాయించుకుంటున్నావు కదా అని ఓర్చుకున్నానే!"

జయపాల్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

సాయంత్రం అతను బల్బు పీకేశాడు. పరుపులు, రగ్గులు ఊడదీసి, అత్త గది అత్తకు ఇచ్చేశాడు. మైకు హాల్లో ఒక మూలకు చేరింది. ఇప్పుడు కుక్కరు కూత వేస్తే వాయించడం ఆపుతాడు. ఎస్తేరు పిలిస్తే పలుకుతాడు. 'మా ఇల్లు' బాణీ ఇంకా పూర్తికాలేదు.

మార్తమ్మ మర్నాడే మాట్లాడింది, మనసులో ఏమీ పెట్టుకోలేదు. కానీ దగ్గొస్తే ఆవిడ చెయ్యి ఇప్పటికీ దానంతటదే కొంగు మీదికి పోతుంది. అది చూసినప్పుడల్లా జయపాల్ గిటారు మీద చెయ్యి ఆపి తల దించుకుంటాడు.

మన పని గొప్పదని ఇంట్లోవాళ్ళ నోరు నొక్కేస్తే, ప్రాణం మీదికి వచ్చిన రోజున కూడా వాళ్ళు మనల్ని పిలవరు.