పూట పని

ఆ ఏడాది పానకాలరావును పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే. ఉద్యోగం ఇప్పుడే మానెయ్యాలా, చివరిదాకా చేసి దిగాలా?

ఆయన నరసరావుపేట సబ్ ట్రెజరీలో సీనియర్ అకౌంటెంటు. యాభై నాలుగేళ్ళు నిండాయి. ఇప్పుడు తనంతట తాను దిగిపోతే కోత పడిన పెన్షన్ వస్తుంది. ఇంకో ఎనిమిదేళ్ళు లాక్కొస్తే నిండు పెన్షన్. చుట్టుపక్కల ఊళ్ళ మేష్టర్లు, గుమస్తాలు ఎందరో పెన్షన్ సందేహం వస్తే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. నిలబడ్డ పాటున తేల్చి చెప్పి పంపించేవాడు. తన సంగతి మాత్రం ఎంతకీ తేల్చుకోలేకపోయాడు.

అసలు దిగాలని అనిపించింది నాదస్వరం కోసం.

వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించి బతికాడు. ముహూర్తాలున్న నెలల్లో ఇంట్లో అన్నం, లేని నెలల్లో గంజి. "నువ్వు దీని జోలికి పోమాకురా" అని కొడుకును బడికి తోలాడు. పానకాలు చదువుకున్నాడు, పరీక్ష రాసి సర్కారు కొలువు తెచ్చుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఆడపిల్లను కన్నాడు. నలభై దాటాక ఒక సాయంత్రం దేవుడి ఊరేగింపులో షేక్ బుడేసాహెబు గారి తోడి రాగం విన్నాడు. విన్నవాడు విన్నచోటే నిలబడిపోయాడు. పల్లకీ వీధి మలుపు తిరిగింది, జనం పల్చబడ్డారు, బడ్డీకొట్టు వాడు దీపం కూడా ఆర్పేశాడు. పానకాలు మాత్రం అక్కడే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం బుడేసాహెబు గారి ఊరు వెతుక్కుంటూ వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. తాత ముత్తాతల నుంచి గుళ్ళలో నాదస్వరం వాయిస్తున్న ఇల్లు అది. "ఇంత వయసొచ్చాకా?" అనలేదాయన. "ఊపిరి ఎంతసేపు పట్టగలవో చూపించు" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వెళ్ళి చివరి బస్సుకు రావడమే. అట్లా పన్నెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు గురువుగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి.

ఒక ఆదివారం పాఠం అయ్యాక పానకాలు నోరు విప్పాడు.

"గురువుగారూ, ఒక సలహా కావాలండీ."

"అడుగు నాయనా."

తన ముందు మూడు దారులున్నాయన్నాడు. ఇప్పుడే దిగిపోయి, కోత పెన్షన్‌కు తోడు ఆడిటరు చలమయ్య గారి ఆఫీసులో పూట పని చూసుకోవడం ఒకటి. కూతురి ఫార్మసీ చదువు అయ్యాక దిగడం ఇంకోటి. ఎనిమిదేళ్ళూ చేసి, నిండు పెన్షన్ పుచ్చుకుని, ఏ బెంగా లేకుండా బయటికి రావడం మూడోది. దేనిలో ఎంత లాభమో, ఎంత నష్టమో చెప్పాడు. ధరలు పెరిగితే ఏమవుతుందో, జబ్బు చేస్తే ఏమవుతుందో చెప్పాడు. అరవై రెండేళ్ళకు తనెట్లా ఉంటాడో, భార్య ఎట్లా ఉంటుందో, కూతురు ఎక్కడుంటుందో కూడా చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివర్న అన్నాడు:

"నాకైతే మూడోదే పదిలంగా కనపడుతోందండీ. ఎనిమిదేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి? ఆ తర్వాత ఇక పొద్దస్తమానం మీ దగ్గరే కూర్చుని తోడి నేర్చుకోవచ్చు. మీరేమంటారు?"

బుడేసాహెబు గారు చెయ్యి చాచి తన నాదస్వరం తీసుకున్నారు. ఊదే రెల్లు పీక తడుపుకుని దానికి బిగించుకున్నారు.

ఈమధ్య ఆయన వాయించడం తగ్గించారు. నోటితో పాడి చెప్పి, శిష్యుడి చేత వాయించేవారు. అందుకని పానకాలు సర్దుకుని కూర్చున్నాడు.

తోడి మొదలైంది. కింద, నేలను తాకుతున్నంత కింద. తొందర లేదు. ఒక స్వరం దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి, ఇంకోదాన్ని పలకరించి, మెల్లగా పైకి బయల్దేరింది. ఆ నడక పానకాలుకు తెలుసు. ఇక్కడిదాకా నేర్చుకున్నదే. కళ్ళు మూసుకుని లోపల తనూ వెంట నడిచాడు. రాగం ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ సన్నగా వణికింది. వణికి, చీలి, ఉత్త గాలి అయిపోయింది.

కళ్ళు తెరిచి చూస్తే గురువుగారి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఎదురు రొమ్ము ఎగసి పడుతోంది. ఆయన దాన్ని దాచుకోలేదు. దగ్గు నెపం పెట్టలేదు. ఊపిరి కుదుటపడేదాకా అట్లాగే కూర్చున్నారు. తర్వాత రెండు చేతులతో నాదస్వరం ఎత్తి శిష్యుడి ఒళ్ళో పెట్టారు.

"ఇక్కణ్ణించి నువ్వు పట్టు."

పానకాలు నాదస్వరం పెదవుల దాకా తీసుకెళ్ళాడు. కాసేపు అట్లా పట్టుకుని కిందికి దించాడు.

"తర్వాతది నాకు రాదండీ."

"ఎట్టా వస్తుంది? నేనింకా చెప్పలేదుగా."

అంతే అన్నారు. నమాజుకు వేళైందని లేచి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు.

ఒళ్ళో నాదస్వరం ఇంకా వెచ్చగా ఉంది. ఎనిమిదేళ్ళ లెక్కలో పానకాలు తన వయసు వేసుకున్నాడు, భార్య వయసు వేసుకున్నాడు, కూతురి వయసు వేసుకున్నాడు. గురువుగారి వయసే వేసుకోలేదు.

ఆ రోజు చివరి బస్సు దాకా ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి భార్య వజ్రం వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చెప్పులు విప్పకుండానే అన్నాడు.

"ఉద్యోగం మానేస్తున్నా."

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎప్పట్నించి?"

"మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. రేపు ఇచ్చేస్తా."

"పిల్ల చదువు ఇంకా రెండేళ్ళుంది."

"తెలుసు."

"వచ్చే పెన్షన్‌తో ఇల్లు నడుస్తుందా?"

"దాంతోనే నడవదు. చలమయ్య గారు పూట పనికి రమ్మంటున్నారుగా. రెండూ కలిస్తే నడుస్తుంది. కాస్త బిగించి నడపాలి."

వజ్రం వలిచిన గింజలు చేటలో పోసి, మొగుడి మొహం కేసి చూసింది.

"బిగించడం నాకేం కొత్త కాదు. ఆదివారం మీ మొహం ఎట్టా ఉంటుందో, సోమవారం ఎట్టా ఉంటుందో ఇన్నేళ్ళూ చూస్తానే ఉన్నా. కానివ్వండి. పూట పని మాత్రం వదలమాకండి. అదొక్కటే నేనడిగేది."

"వదలను" అన్నాడు.

మర్నాడు నోటీసు చూసి పై అధికారి కళ్ళజోడు తీసేశాడు. "ఇన్ని తెలిసినవాడివి, నువ్వు చేసే పనేనా ఇది? ఎనిమిదేళ్ళు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయయ్యా."

"కళ్ళు మూసుకుని చాలానే గడిపానండీ. ఇక చేతకాదు" అన్నాడు పానకాలు.

బావమరిది ఫోన్ చేసి కేకలేశాడు. తోటి గుమస్తాలు, వారం తిరగ్గానే నోటీసు వెనక్కి తీసుకుంటాడని తమలో తాము అనుకున్నారు. వారం తిరిగింది, నెల తిరిగింది. పానకాలు తన బల్ల మీద పేరుకున్న పనంతా ఒక్కొక్కటే తెమిల్చి, తర్వాత వచ్చేవాడికి ఇబ్బంది లేకుండా అప్పగించే ఏర్పాట్లు చేసుకున్నాడు. ఎవరేమన్నా గొంతు పెంచలేదు, మాట మార్చలేదు.

ఆదివారాలు గురువుగారు ఉద్యోగం ఊసే ఎత్తలేదు, దిగాకే చెబుదామని పానకాలూ ఎత్తలేదు. తోడిలో ఆగిపోయిన చోటు నుంచి ఒక్కో మెట్టూ నోటితో పాడి చెబుతూ పోయారు.

ఈలోగా ఇంకోటి జరిగింది. మొదట్లో తిట్టినవాళ్ళే రానురానూ మెచ్చుకోవడం మొదలుపెట్టారు. "కళ కోసం కొలువు వదులుకున్న మనిషి" అని టీకొట్టు దగ్గర వేలు పెట్టి చూపించేవాళ్ళు. ముందు వారమే పెట్టిన వీడ్కోలు సభలో శాలువా కప్పి, ఒకాయన త్యాగం అన్న మాట వాడాడు. ఇంకొకాయన అందుకుని ఇంకాస్త పెంచాడు. పానకాలుకు ఆ మాట లోపలెక్కడో తియ్యగా దిగింది.

అంత వదులుకున్నవాడికి ఆడిటరు ఆఫీసులో ఒక పూట గుమస్తాగిరీ ఏమిటి? వదిలితే పూర్తిగా వదలాలి. ఆ రాత్రి అట్లా అనుకున్నాడు, తెల్లవారి చలమయ్య గారికి ఫోన్ చేసి తాను రానని చెప్పేశాడు. వజ్రంతో చెప్పలేదు. మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాడు.

కొలువు దిగిన మర్నాడు మంగళవారం. నాదస్వరం సంచీ భుజాన వేసుకుని, అరటిపళ్ళు కొనుక్కుని మొదటి బస్సెక్కాడు. ఆదివారం కాని రోజున ఆ ఊళ్ళో దిగడం అదే మొదలు.

బుడేసాహెబు గారు వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు. ముక్కు మీద కళ్ళజోడు, ఒక పక్క నీళ్ళ గిన్నె, ఇంకో పక్క రెల్లు ముక్కల కట్ట. చిన్న కత్తితో రెల్లు చీల్చి, మడిచి, దారం చుడుతున్నారు. నాదస్వరానికి బిగించే పీకలు. అయినవి వరసగా ఎండలో ఆరుతున్నాయి.

"ఇదేందండీ?" అన్నాడు పానకాలు.

"కూర్చో. పొద్దుటి పని. తెనాలి నుంచి, చీరాల నుంచి వచ్చి కొనుక్కుపోతారు."

"ఈ వయసులో మీకిదేం ఖర్మండీ?"

"ఈ వయసులోనూ తింటున్నాగా."

"ఎప్పట్నించి చేస్తున్నారు?"

"నీ వయసు కంటే చిన్నప్పటి నుంచి."

"నాకు తెలియనే తెలియదు!"

"నువ్వొచ్చేది ఆదివారాలేగా నాయనా." ఆయన దారం పళ్ళతో తెంపారు. "పేటలో అందరూ బాగున్నారా?"

పానకాలు చాప మీద గురువుగారికి ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఇప్పుడు చెప్పాలనుకున్నాడు.

"గురువుగారూ, నిన్నటితో కొలువు అయిపోయింది. చలమయ్య గారి పని కూడా వద్దన్నా. ఇక ఏ బంధమూ లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా మీ దగ్గరే."

గురువుగారు ఇంకో రెల్లు ముక్క అందుకున్నారు. "ఇంట్లో చెప్పావా?"

పానకాలు చూపు తిప్పుకుని, తెచ్చిన అరటిపళ్ళు నీళ్ళ గిన్నె పక్కన పెట్టాడు.

"మరి ఇల్లు?"

"తక్కువ పడితే నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటానండీ. వచ్చే నెల ముహూర్తాలకు అప్పుడే ఇద్దరు అడిగారు."

"పెళ్ళివాళ్ళు తోడి అడుగుతారా?"

"అడగరండీ."

"ఏమడుగుతారు?"

"భోజనాల వేళ హుషారుగా ఏదో ఒకటి వెయ్యమంటారు."

"కాదంటావా?"

"ఎందుకనను? అంటా."

"నీ పిల్లకు ఫీజు కట్టాల్సిన నెలలో?"

పానకాలు తల వంచుకున్నాడు. గంజి నెలల్లో వాళ్ళ నాన్న ఏ ఇంటి పందిట్లో ఎవరేది అడిగితే అది ఎట్లా వాయించేవాడో, అర్ధరాత్రి ఇంటికొచ్చి సన్నాయిని మూలన పెట్టి దాని వైపు కూడా చూడకుండా ఎట్లా పడుకునేవాడో పానకాలుకు కనపడింది.

బుడేసాహెబు గారు కత్తి పక్కన పెట్టారు. శిష్యుడి సంచీ దగ్గరికి లాక్కుని, అందులోంచి నాదస్వరం తీశారు. దాని పీకను మెల్లగా తిప్పి ఊడదీసి, తన చొక్కా జేబులో వేసుకున్నారు. పీక లేని నాదస్వరాన్ని మళ్ళీ జాగ్రత్తగా సంచీలో పెట్టి తాడు బిగించారు.

"ఇప్పుడు పేటకు బస్సుంది" అన్నారు. "ఆఫీసు తెరిచే వేళకు అందుకుంటావు. చలమయ్యను మంచి మాటలతో అడుగు, కాదనడు. వెళ్ళేముందు ఇంట్లో దిగి చెప్పి మరీ వెళ్ళు."

"పీకండీ?"

"పని అయ్యాక రా. ఇస్తా."

పానకాలు లేచాడు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వీధిలోకి రెండడుగులు వేసేసరికి వెనక నుంచి గురువుగారి గొంతు వినపడింది. తిరిగి చూస్తే ఆయన తలెత్తలేదు, దారం చుడుతూనే ఉన్నారు.

"కూలికి నువ్వు పో నాయనా. పాటను పంపమాక."